హార్మోన్ మాత్రల సంగతి డాక్టర్‌కు చెప్పాలా?

ప్రశ్న: మా అక్క ట్రాన్స్ మహిళ. ఎవరో చెప్పారని గర్భనిరోధక మాత్రలు, వాటితోపాటు మగ హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే స్పైరనోలాక్టోన్ సొంతంగా వాడుతోంది. ఆస్పత్రిలో అందరి ముందూ పాత పేరుతో పిలుస్తారని డాక్టర్ దగ్గరికి రానంటోంది. చెల్లెలిగా నేనేం చేయాలి?

జవాబు: ముందు మాత్రల సంగతి. గర్భనిరోధక మాత్రల్లో ఎక్కువగా వాడేది ఇథినైల్ ఎస్ట్రాడియాల్ అనే కృత్రిమ ఆడ హార్మోన్. మామూలు ఎస్ట్రాడియాల్ కంటే దీంతో రక్తం గడ్డకట్టే ముప్పు చాలా ఎక్కువ. పొగతాగే అలవాటుంటే మరీను. మార్పు త్వరగా రావాలని రెండు మూడు మాత్రలు కలిపి మింగితే ముప్పు పెరుగుతుందే గానీ రొమ్ముల ఎదుగుదల తొందరపడదు. దానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అవేవీ లేకపోయినా ఈ మాత్రలు మాన్పించి, డాక్టర్ చేత ఎస్ట్రాడియాల్ రాయించుకోవాలి. చర్మానికి అంటించే ప్యాచ్, రాసుకునే జెల్ అయితే ముప్పు ఇంకా తక్కువ.

స్పైరనోలాక్టోన్ రక్తంలో పొటాషియం పెంచుతుంది. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. అక్క ఇది వాడుతోందని తెలియని డాక్టర్ బీపీకి ఎనాలాప్రిల్ లాంటి మందు రాస్తే, అదీ పొటాషియం పెంచేదే. అందుకే దాచొద్దని గట్టిగా చెబుతున్నాం.

వెళ్లే ముందురోజు మీరే ఆస్పత్రికి ఫోన్ చేసి, ఏ పేరుతో పిలవాలో చెప్పండి. కుదరదంటే టోకెన్ నంబరుతో పిలవమనండి. ఒక చీటీ మీద పిలవాల్సిన పేరు, రికార్డుల్లో ఉన్న పేరు, ఒక్కో మందు ఎంత మోతాదు, ఎప్పటినుంచి, ఏవైనా ఆపరేషన్లు జరిగాయా, ఇవన్నీ రాసి డాక్టర్ చేతికివ్వండి. అక్క నోరు విప్పి అన్నీ చెప్పుకోవాల్సిన అవసరం సగం తగ్గుతుంది. పరీక్షించేటప్పుడు మీరు పక్కన ఉండాలో వద్దో మాత్రం ఆమె ఇష్టం.

పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), ఎస్ట్రాడియాల్, టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పరీక్షలు మొదటి ఏడాది 3 నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు చేయించాలి. ల్యాబ్ రిపోర్టులో ఒక చిక్కుంది. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ వంటివాటి సాధారణ పరిమితులు ఆడ, మగకు వేరు. రికార్డులో 'పురుషుడు' అని ఉంటే, హార్మోన్ల వల్ల సహజంగా తగ్గిన హిమోగ్లోబిన్‌ని కూడా రక్తహీనతగా చూపించవచ్చు. ఏ పరిమితితో పోల్చారో డాక్టర్‌ను అడగండి. ఇంకొకటి, జననాంగాలను మార్చే ఆపరేషన్ తర్వాత కూడా ప్రోస్టేట్ గ్రంథి లోపలే ఉంటుంది. మూత్ర సమస్య వస్తే ఆ మాట గుర్తుచేయాలి.

ప్రశ్న: మా అబ్బాయి తనకు మగవాళ్లంటేనే ఇష్టమని చెప్పాడు. చికిత్సతో మారతాడని బంధువులు అంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు: కాదమ్మా. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మారుస్తామనే చికిత్సలతో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయి, ఇష్టం మారదు. అలాంటి చోటికి దయచేసి పంపకండి. ఈ విషయం ఇంకా ఎవరెవరికి తెలుసో, ఎవరికి చెప్పొచ్చో అబ్బాయినే అడగండి. అతను సరే అనకుండా తోబుట్టువులకు కూడా చెప్పొద్దు. నిద్ర, తిండి తగ్గినా, చనిపోవాలనిపిస్తోందని అన్నా ఒంటరిగా వదలకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. దిగులుకు చికిత్స కావాలని చెప్పండి, ఇష్టాన్ని మార్చమని కాదు.