పదోవాడి చావు

హైదరాబాదు,
ఆదివారం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మూసీ వరద కథ రెండుసార్లు చదివాను. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు కొమ్మను పట్టుకుని వేలాడిన తల్లి పాత్ర బాగుంది. అయితే మూడో పేజీలో ‘వరద బస్తీని పూర్తిగా డెసిమేట్ చేసింది’ అన్న వాక్యం పంటి కింద రాయిలా తగిలింది. ఈ ఉత్తరం ‘డెసిమేట్’ అన్న ఆ ఒక్క ఇంగ్లిషు క్రియ గురించే.

దాని కడుపులో పది ఉంది. లాటిన్‌లో ‘డెకెమ్’ అంటే పది, ‘డెకిమారె’ అంటే పదింట ఒకరిని తీయడం. యుద్ధంలో వెన్ను చూపిన రోమన్ దళాన్ని పదేసి మందిగా విడదీసి, చీట్లు వేసి, చీటీ పడినవాణ్ణి తోటి సైనికుల చేతనే కర్రలతో కొట్టించి చంపించేవారు. బతికినవారికి గోధుమలకు బదులు బార్లీ కొలిచేవారు. క్రీ.పూ. 73-71 నాటి స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటును అణచడానికి వెళ్లిన రోమన్ సేనాని క్రాసస్, అప్పటికి ఎంతోకాలంగా మూలపడి ఉన్న ఈ శిక్షను బయటికి తీసి, 500 మందిలో 50 మందిని ఇలా చంపించాడని గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు.

ఇప్పటి ఇంగ్లిషులో ఆ మాటకు ‘చాలా భాగాన్ని నాశనం చేయడం’ అన్న అర్థం స్థిరపడింది, నిఘంటువులూ ఒప్పుకున్నాయి. పదింట ఒకటేనని పట్టుబట్టే ఛాందసం నాకు లేదు. నా గొడవల్లా, లెక్కపెట్టి చీటీ తీసే ఆ మాటలో నీళ్లెక్కడున్నాయని. 1908 సెప్టెంబరు 28న మూసీ ఎవరినీ వరుసలో నిలబెట్టలేదు. మట్టిగోడ ముందు అడుగున నానుతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఉన్నచోటనే కూర్చుండిపోతుంది, ఆ తర్వాత దూలాలు తేలిపోతాయి. నానింది, కూర్చుంది, కొట్టుకుపోయింది, ఊడ్చుకుపోయింది: వీటిలో ఒక్కటైనా నీ కథలో లేదు.

చిక్కడపల్లి అద్దెగదిలో ఉంటూ నేను రాసిన తొలి కథలో ‘మా ఇంటి గోడ కూర్చుంది’ అన్న వాక్యాన్ని ఒక వారపత్రిక సంపాదకుడు ‘గృహము ధ్వంసమైనది’ అని దిద్ది అచ్చువేశాడు. ఆ పారితోషికంతోనే, కొంత కసితో, ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద అట్ట ఊడిన ఇంగ్లిషు నిఘంటువు కొన్నాను. డెసిమేట్ పుట్టుక మొదట చదివింది అందులోనే. ఆయన సంస్కృతంతో చేసిన పని నువ్వు ఇంగ్లిషుతో చేశావు. ఆయనను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఏ పత్రికకు పంపాలన్న నీ ప్రశ్న సంగతి తర్వాత. ముందు మూడో పేజీ తిరగరాసి పంపు. ఆ తల్లి ఇంటి గోడ ఏ మూల నుంచి నానడం మొదలైందో నాకు తెలియాలి.