నట్టు ఒక్కటేగా, నేనే బిగించుకోనా?

ప్రశ్న: మా ఏటీవీని (ఎగుడుదిగుడు నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి) కంపెనీ రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. స్టీరింగ్ టై రాడ్ నట్టు వదులవుతుందట. బండి మాత్రం బాగానే నడుస్తోంది. స్పానరుతో నేనే బిగించుకుంటే సరిపోదా?

జవాబు: వద్దండీ. హ్యాండిల్ తిప్పితే ఆ కదలికను ముందు చక్రానికి అందించేది ఆ రాడ్డే. అది ఊడితే మీరు ఎటు తిప్పినా చక్రం తన దారిన తాను పోతుంది. ఎగుడుదిగుడు నేలలో బోల్తా పడడానికి అది చాలు. ఊడేదాకా బండి బాగానే నడుస్తుంది, అదే చిక్కు. నేనూ ఒకసారి ఇలాగే బిగించి మురిసిపోయాను. లోపం నట్టులో కాదు, రాడ్డు మరలో (నట్టు పట్టే గాడుల్లో) ఉందని తర్వాత తెలిసింది! ఫ్రేము మీద అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు డీలరుకు చెప్పండి. రీకాల్ రిపేరు మామూలుగా ఉచితమే. బండిని నడుపుకుంటూ కాదు, ట్రాలీ మీద తీసుకెళ్లండి. అప్పటిదాకా తాళం పిల్లల చేతికి అందనివ్వకండి.