పశువైద్య కోర్సులో పాథాలజీని బట్టీ పట్టకుండా నేర్చుకోవడం సాధ్యమేనా?

మీ చెల్లెలు పశువైద్య కోర్సు రెండో సంవత్సరం చదువుతోందని, రోగం వల్ల అవయవాల్లో వచ్చే మార్పులను చదివే పాథాలజీలోని పేర్లు రాత్రంతా బట్టీ పట్టినా తెల్లవారేసరికి ఒక్కటీ గుర్తుండడం లేదని, పైగా శవపరీక్ష గదిలో వాసన పడక రెండుసార్లు మధ్యలోనే బయటికి వచ్చేసిందని రాశారు. ఇంకేదైనా మంచి పుస్తకం కొనిపెట్టాలా అని అడిగారు. హైదరాబాదులో ఇరవై ఏళ్లకు పైగా పశువైద్యం చేస్తున్నవాడిగా, ఒకప్పుడు ఇదే సబ్జెక్టులో ఇంటర్నల్ పరీక్ష తప్పినవాడిగా నా సలహా ఒక్కటే. పుస్తకం కొనకండి. ఉన్న పుస్తకం చాలు. పేరు చెప్పే ముందు కంటికి కనిపించినదాన్ని చెప్పడం అలవాటు కానంతవరకు ఎన్ని పుస్తకాలున్నా పాథాలజీ రాదు. ఈ మాట నేను ఒక గేదె దగ్గర నేర్చుకున్నాను.

అది మే నెల. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో నగర శివారుకు చెందిన ఒక పాల వ్యాపారి తన ముర్రా గేదె కళేబరాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని మా కళాశాలకు తీసుకువచ్చాడు. ఈని మూడు వారాలైందట. ఈనిన నాటి నుంచి మేత సరిగా తినలేదు, నెమరు తగ్గింది, పాలు సగానికి పడిపోయాయి, చివరి పది రోజుల్లో దవడ కింద, రొమ్ము దగ్గర నీరు దిగింది. ఎవరో వచ్చి మూడు సీసాల సెలైన్ ఎక్కించి వెళ్లారు. ఆనాటి తెల్లవారుజామున అది చనిపోయింది. మేము ఎనిమిది మంది విద్యార్థులం, మా మాస్టారు, గది సహాయకుడు బల్ల చుట్టూ నిలబడ్డాం. మెడ సిరలు ఉబ్బి ఉండడం, రొమ్ము కింద వాపు చూసి, ముందు రోజే ఆ పాఠం చదివిన గర్వంతో, నేను అందరికంటే ముందు "ట్రామాటిక్ పెరికార్డైటిస్ సార్" అన్నాను, అంటే ఏదో గుచ్చుకుని గుండె చుట్టూ ఉండే సంచికి వచ్చే వాపు. ఆయన నా వైపు చూడకుండానే, "పేరు నేను అడగలేదు బాబూ, కత్తి ఇంకా పెట్టనే లేదు, ఏం కనిపిస్తున్నదో చెప్పు" అన్నారు.

నేను చెప్పలేకపోయాను. నాకు పేరు తెలుసు గాని, ఎదురుగా ఉన్న కళేబరం గురించి రెండు వాక్యాలు చెప్పడం తెలియదు. పొట్ట కోసిన తరువాత పెద్ద పొట్ట లోపలి పొర, ఉడికించిన టమాటా తొక్కలా, చేయి తగలగానే ఊడి వచ్చింది. పోయిన పరువును తిరిగి సంపాదించుకోవాలన్న తొందరలో "రుమినైటిస్", అంటే పెద్ద పొట్ట వాపు, అన్నాను. మాస్టారు చనిపోయి ఎన్ని గంటలైందని అడిగి, లెక్క నా చేతనే వేయించారు. నెమరువేసే పశువు చనిపోయాక కూడా పెద్ద పొట్టలో పులియడం ఆగదని, ఆ వేడికి లోపలి పొర కొన్ని గంటల్లోనే వదులవుతుందని వివరించి, "ఇది గేదెకు వచ్చిన రోగం కాదు, మే నెల తెచ్చిన రోగం" అన్నారు. బతికి ఉండగా జరిగిన మార్పేదో, చచ్చిన తరువాత జరిగిన మార్పేదో విడదీయలేనివాడు రాసే శవపరీక్ష నివేదిక ఎందుకూ పనికిరాదని ఆ రోజు నాకు అర్థమైంది.

తరువాత ఛాతీ తెరిచాం. గుండె చుట్టూ ఉండే సంచి మామూలుగా పలుచగా, లోపలి గుండె కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది, అందులో కొద్దిపాటి తేటనీరు మాత్రమే ఉంటుంది. ఆ గేదెకు ఆ సంచి తోలులా దళసరిగా, బూడిద రంగులో ఉన్నది. కత్తి మొన తగలగానే లోపలి నుంచి అర బకెట్టు చీమునీరు కారింది. అప్పుడు వచ్చిన వాసన గురించి చివరన చెబుతాను. గుండె పైభాగమంతా గరుకు పోగులతో నిండి ఉంటే, నేను మళ్లీ పుస్తకంలోని మాటనే పట్టుకుని "బ్రెడ్ అండ్ బటర్" అన్నాను. వెన్న రాసిన రెండు బ్రెడ్డు ముక్కలను అతికించి ఎప్పుడైనా విడదీశావా అని మాస్టారు అడిగారు. మా ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు తప్ప బ్రెడ్డు తెచ్చేవారు కారు, అదీ పాలలో ముంచుకుని తినడానికి. నీ మాటల్లోనే చెప్పు అన్నారు. చాలాసేపు చూసి, పాలగిన్నె అంచున అట్టకట్టిన మీగడను గోటితో గీకితే లేచే పోగుల్లా ఉన్నదని, రంగు మాత్రం పసుపు కలిసిన బూడిద అని, వేలితో లాగితే ఊడి వస్తున్నదని, కింద గుండె కండరం ఎర్రగా కందిపోయి ఉన్నదని చెప్పాను. "ఇప్పుడు రాయి" అన్నారు. పాథాలజీలో నేను రాసిన మొదటి నిజమైన వాక్యం అదే.

కార్జం మామూలుకంటే పెద్దదై, అంచులు మొద్దుబారి ఉన్నది. కోసిన తలం మీద ముదురు ఎరుపు చుక్కలు, వాటి మధ్య లేత పసుపు వల కనిపించాయి. గుండెకు జబ్బు చేస్తే కార్జానికి ఈ రూపం ఎందుకు వచ్చిందని మాస్టారు ఒక్కొక్కరినీ అడిగారు. సంచిలో నిండిన చీము నలువైపులా నొక్కడం వల్ల గుండె పూర్తిగా విప్పారలేదు, విప్పారని గుండె సిరల నుంచి వచ్చే రక్తాన్ని లోపలికి తీసుకోలేదు, ఆ రక్తం వెనక్కి తన్ని మెడ సిరలను ఉబ్బించింది, రొమ్ము కింద నీరై దిగింది, కార్జంలోని ప్రతి చిన్న భాగం నడుమ నిలిచిపోయి దాన్ని నల్లబరిచింది, చుట్టూ ఉన్న కణాలు ప్రాణవాయువు చాలక కొవ్వు పట్టి పాలిపోయాయి. పుస్తకంలో వేర్వేరు అధ్యాయాల్లో చదివిన నాలుగు విషయాలు ఒకే తాడుకు కట్టి ఉన్నాయని తెలిశాక బట్టీ పట్టవలసింది ఏమీ మిగలలేదు.

తాడు మొదలు ఇంకా దొరకలేదు. పశువు పొట్టలో తేనెతుట్టెలాంటి గదులుండే భాగమైన రెటిక్యులంలో చేతులు పెట్టి ఇరవై నిమిషాలు వెతికాం. రెండు మేకులు, ఒక రూపాయి బిళ్ల, ఉండచుట్టుకుపోయిన ప్లాస్టిక్ కవర్లు దొరికాయి గాని, అవి ఎవరికీ హాని చేయకుండా అక్కడే పడి ఉన్నాయి. అసలు దోషి రెటిక్యులానికి, దాని ముందు ఛాతీని, పొట్టను వేరుచేసే విభాజక పటలానికి మధ్య గట్టిపడిన కండలో ఇరుక్కుని ఉన్నది. అది సెంట్రింగ్ పనిలో ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు ముక్క, చిటికెన వేలంత పొడవు, తుప్పు పట్టి నల్లబడింది. గేదె గడ్డిని నాలుకతో చుట్టి మింగుతుంది తప్ప ఏరి తినదు. బరువైన లోహపు ముక్క నేరుగా రెటిక్యులంలోకి జారుతుంది, అక్కడి నుంచి గుండె బెత్తెడు దూరంలో ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు గర్భసంచి బరువు, ఈనేటప్పుడు ముక్కడం ఆ తీగను ముందుకు తోస్తాయి. అందుకే ఈ జబ్బు చాలాసార్లు ఈత చుట్టుపక్కలే బయటపడుతుంది.

పాల వ్యాపారి అంతవరకు గోడకు ఆనుకుని మౌనంగా ఉన్నాడు. తీగను చూడగానే తన కొట్టం పక్కన కొత్త అపార్ట్‌మెంటు లేస్తున్నదని, ఆ స్థలంలో పెరిగిన గడ్డినే కోసి వేస్తున్నానని చెప్పాడు. ఆ తీగ ముక్కను అడిగి తీసుకుని, కడిగించి, కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మేస్త్రీకి చూపిస్తాడట. తరువాతి వారం మోచేతులు పక్కలకు తిప్పి, వీపు వంచి, వాలులో దిగడానికి జంకుతున్న మరో గేదెను నడిపించుకుని వచ్చాడు. దానికి సకాలంలో పెద్ద పొట్ట కోసి, తీగను చేత్తో తీయగలిగారు. సెలైన్ సీసాలు చెప్పలేని సంగతిని చచ్చిన గేదె చెప్పింది.

అందుకే తరగతి గదిలో తెర మీద చూపించే బొమ్మల మీద నాకు పెద్దగా గౌరవం లేదు. వాటిలో సగం విదేశీ పందులవి. గేదె పాలు తాగే దేశంలో గేదె కార్జం చూడకుండానే విద్యార్థులు పరీక్ష గట్టెక్కుతున్నారు. పేర్ల సంగతి ఇంకా విచిత్రం. ఈ శాస్త్రం పేర్లు పెట్టినవాళ్లు తమ వంటింటినే చూసి పెట్టారు, మనం ఆ వంటింట్లోకి అడుగు పెట్టకుండా పేర్లు మాత్రం మోస్తున్నాం. నట్‌మెగ్ లివర్ అని నూరుసార్లు రాసే విద్యార్థికి అది మన బిర్యానీ మసాలాలో పడే జాజికాయేనని తట్టదు. బేగంబజారులో ఒక జాజికాయ కొని, కత్తితో నిలువునా కోసి చూడమనండి, పైన నేను చెప్పిన కార్జం అందులో కనిపిస్తుంది. సేగో స్ప్లీన్ అంటే ఉడికిన సగ్గుబియ్యం గింజలు పొదిగినట్టున్న తిల్లి, అంటే ప్లీహం. కరెంట్ అనే విదేశీ పండు జెల్లీని చూసి కరెంట్ జెల్లీ అని పేరు పెట్టిన రక్తపు గడ్డకు మాత్రం మన దగ్గర సరిజోడు లేదు, ఆ పండును నేను ఈనాటికీ చూడలేదు.

మీ చెల్లెలికి ఇంకొక పని చెప్పండి. ఆదివారం ఉదయం మటన్ దుకాణంలో అరగంట నిలబడమనండి. ఆరోగ్యంగా ఉన్న కార్జం రంగు, ఊపిరితిత్తి మెత్తదనం, తిల్లి అంచు, మూత్రపిండం కోసినప్పుడు కనిపించే రెండు పొరలు అక్కడ ఖర్చు లేకుండా చూడవచ్చు. పురుగు పట్టిన కార్జాన్ని తీసి అవతల పడేసే దుకాణదారుకు జలగ వ్యాధి గురించి మూడో సంవత్సరం విద్యార్థికంటే ఎక్కువ తెలుసని నా నమ్మకం. మామూలుగా ఉన్నదేదో తెలియకపోతే తేడా కంటికి ఆనదు. మన బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని గుర్తించాడు. అంతకుముందు ఏమీ దొరకని దోమల పొట్టలు ఎన్నో కోసి చూసి ఉన్నాడు గనుకనే, ఆ రోజు కనిపించిన నల్లని రేణువుల కణాలు కొత్తవని అతనికి తెలిసింది.

ఇక్కడ నా అసలు ఫిర్యాదు కూడా చెప్పాలి. పశువు చనిపోతే కోసి చూడాలన్న కోరిక రైతుకూ తక్కువే, మా వృత్తిలోనివారికీ తక్కువే. బీమా డబ్బు కోసం శవపరీక్ష పత్రం అడిగేవారే ఎక్కువ, కారణం తెలుసుకోవడం కోసం అడిగేవారు అరుదు. కళేబరం దగ్గర రెండు నిమిషాలు నిలబడి, పెన్నుతోనే శవపరీక్ష ముగించిన నివేదికలు నేను చూశాను. కోసి చూస్తే ఏమవుతుందో రాబందుల కథ చెబుతుంది. 1990ల నుంచి మన దేశంలో రాబందులు కుప్పకూలుతుంటే చాలామంది ఏదో అంటువ్యాధి అనుకున్నారు. పాకిస్తాన్‌లో చనిపోయిన పక్షులను కోసి చూసినప్పుడు మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల మీద సున్నం చల్లినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుని ఉన్నది. మన కోళ్ల ఫారాల్లో కోడిపిల్లలకు వచ్చే గౌట్‌ను చూసిన ఎవరికైనా ఆ తెలుపు పరిచయమే. కారణం పశువులకు వాడే డైక్లోఫెనాక్ నొప్పి మందు అని, ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతున్నాయని 2004లో తేలింది, 2006లో మన దేశం పశువులకు దాని వాడకాన్ని నిషేధించింది. అప్పటికే తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి.

అయితే ప్రతి కళేబరాన్నీ కోయకూడదు. అకస్మాత్తుగా చనిపోయి, త్వరగా ఉబ్బి, ఒళ్లు బిగుసుకోకుండా, ముక్కు నుంచి, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లరక్తం కారుతున్న పశువును చూస్తే కత్తి కింద పెట్టాలి. అది ఆంత్రాక్స్ కావచ్చు, మన రైతుల మాటలో దొమ్మ రోగం. కోస్తే గాలి తగిలి ఆ సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకున్న స్పోరులుగా మారుతుంది, అవి మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతాయి. అటువంటప్పుడు చెవి సిర నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూడాలి. మీ చెల్లెలికి ఇది ఒక్కటి మాత్రం బట్టీ పట్టినా ఫరవాలేదు.

ఇక వాసన. ఆ గేదెను కోసిన రాత్రి నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. మా అమ్మ నిమ్మచెక్క, ఉప్పు ఇచ్చి చేతులు రుద్దుకోమన్నది, చేతులు మండాయి తప్ప వాసన పోలేదు. రెండు మూడు వారాలకు ముక్కు వాసనలను విడదీయడం మొదలుపెట్టింది. చచ్చి కుళ్లిన వాసన వేరు, బతికి ఉండగా పట్టిన చీము వాసన వేరు, ఒంట్లో కొవ్వు అతిగా కరిగి కీటోసిస్ అనే జబ్బు వచ్చిన పశువు నోటి నుంచి వచ్చే తియ్యని వాసన వేరు. ఖాళీ కడుపుతో శవపరీక్ష గదికి వెళ్లవద్దని, కళ్లు తిరిగితే తలుపు దగ్గర గాలి తగిలేచోట నిలబడమని, బయటికి మాత్రం రావద్దని మీ చెల్లెలికి చెప్పండి. మటన్ దుకాణానికి మాత్రం మీరూ తోడు వెళ్లండి, ఏమీ కొనకుండా ఆమె అరగంట సేపు ప్రశ్నలు వేస్తుంటే ఆదివారం పూట ఏ దుకాణదారూ ఓర్చుకోడు, ఒక అరకిలో అయినా తీసుకోవలసి వస్తుంది.