పెరోల్ బోర్డుకి ఉత్తరం రాసే ముందు ఇది చదువు నాన్నా

నాన్నా కిరణ్,

మీ అన్నయ్య పెరోల్ కోసం, అంటే శిక్ష పూర్తి కాకముందే షరతులతో విడుదల కోసం, నిన్న ఫోన్లో "ఆస్టిన్‌లో గవర్నర్ ఆఫీసులో మనకి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా పెద్దమ్మా" అని నువ్వు అడిగితే వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. తొమ్మిదేళ్ళ కిందట మీ పెదనాన్న మేనల్లుడి విషయంలో నేనూ సరిగ్గా అలాగే పరిగెత్తాను. తెలుగు సంఘం పెద్దల దగ్గర, గుడి కమిటీ దగ్గర, ఒక కౌన్సిల్ మెంబర్ దగ్గర లెటర్‌హెడ్ల మీద ఉత్తరాలు రాయించి ఇంత లావు ఫైలు పంపాను. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ కుర్రాణ్ణి చూసినవాళ్ళు కాదు. పెరోల్ రాలేదు, మళ్ళీ రివ్యూకి ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదంతా వాళ్ళమ్మ పడ్డ బాధ చూశాక, అసలు ఈ బోర్డుని ఎవరు వేస్తారు, అదెలా నడుస్తుంది అని కూర్చుని చదివాను. ఆ పని నేను ముందే చేయాల్సింది.

టెక్సాస్ బోర్డ్ ఆఫ్ పార్డన్స్ అండ్ పెరోల్స్‌లో ఏడుగురు సభ్యులుంటారు. వాళ్ళని వేసేది గవర్నరే, కానీ సెనేట్ ఒప్పుకోవాలి. పదవి ఆరేళ్ళు, అందరిదీ ఒకేసారి అయిపోదు, కాబట్టి గవర్నర్ మారగానే బోర్డు మొత్తం మారిపోదు. ఛైర్మన్ ఎవరో కూడా గవర్నరే చెప్తారు, ఆ ఛైర్మన్ ఫైళ్ళు చూడటానికి పెరోల్ కమిషనర్లని తీసుకుంటారు. ఇంతవరకు చదివి "అంటే గవర్నర్ చెబితే అయిపోతుందిగా" అనుకుంటావు, నేనూ అలాగే అనుకున్నాను. 1920ల్లో మిరియం ఫెర్గూసన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు క్షమాభిక్షలు ఎడాపెడా ఇచ్చారని, డబ్బు చేతులు మారిందని పెద్ద గొడవ నడిచింది. ఆ అధికారం ఒక్కరి చేతిలో ఉండకూడదని 1936లో రాజ్యాంగ సవరణతో ఈ బోర్డు పెట్టారు. అప్పట్లో ముగ్గురే సభ్యులు, ఒకరిని గవర్నర్, ఒకరిని సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్, ఒకరిని క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు పెద్ద జడ్జి వేసేవారు. 1983లో ఇంకో సవరణ వచ్చి, పెరోల్ విషయంలో గవర్నర్ చేయి అసలు లేకుండా చేసింది. క్షమాభిక్ష సంగతి వేరు, అది బోర్డులో ఎక్కువమంది సిఫార్సు చేస్తే గవర్నర్ ఇస్తారు. మీ అన్నయ్యది పెరోల్. అందుకే గవర్నర్ ఆఫీసు చుట్టూ తిరగొద్దు అంటున్నాను.

మరి ఎవరు చదువుతారని రాయాలి? వాడి ఫైలు ముగ్గురికి వెళ్తుంది. అందులో కనీసం ఒకరు బోర్డు సభ్యులై ఉండాలి, మిగతావాళ్ళు కమిషనర్లు కావచ్చు. వాళ్ళు ఒక గదిలో కూర్చోరు, కోర్టులోలాగ వాదనలుండవు, మనల్ని పిలవరు. ఒకరి తర్వాత ఒకరు ఫైలు చదివి ఓటు వేస్తారు, రెండు ఓట్లు ఎటు పడితే అటే. మొదటి ఇద్దరిదీ ఒకే మాట అయితే మూడోవాళ్ళు చూడాల్సిన అవసరం కూడా ఉండదు. కొన్ని ఘోరమైన నేరాలకి మాత్రం బోర్డు మొత్తం ఓటు వేసి ఏడుగురిలో ఐదుగురు ఒప్పుకోవాలి, మన కేసు అందులోకి రాదు.

అంటే నీ ఉత్తరం చదివేది, రోజంతా ఇలాంటి ఫైళ్ళే చదివే ఒక మనిషి. ఆ మనిషి ముందు జైల్లో ఆఫీసర్ వాడితో మాట్లాడి రాసిన రిపోర్టు ఉంటుంది, జైల్లో వాడి నడవడిక ఉంటుంది, నేరం తీవ్రతని, మళ్ళీ తప్పు చేసే అవకాశాన్ని కలిపి 1 నుంచి 7 దాకా వేసిన స్కోరు ఉంటుంది. అన్నయ్య చేసిన యాక్సిడెంట్‌లో చనిపోయినాయన భార్య రాసిన ఉత్తరం కూడా ఉండొచ్చు. ఆ ఫైలు మనకి చూపించరు. కాబట్టి అందులో లేనిది, నీకు మాత్రమే తెలిసింది రాయి.

"మా అన్నయ్య అమాయకుడు, జడ్జి అన్యాయం చేశాడు" అని ఒక్క ముక్క కూడా రాయకు. తాగి కారు నడిపాడు, ఒక మనిషి పోయాడు. కారుని మారణాయుధం కింద లెక్కగట్టారు కాబట్టే పదేళ్ళ శిక్షలో సగం, అంటే ఐదేళ్ళు, పూర్తయ్యేదాకా వాడి పేరు రివ్యూకే రాలేదు. ఆ పోయిన మనిషిని తలుచుకుంటూ మొదలుపెట్టు, నిజంగా తలుచుకుంటేనే రాయి. తర్వాత, వాడు బయటికొస్తే ఏ ఇంట్లో ఉంటాడు, ఆ ఇంట్లో మందు ఉండదని ఎవరు మాటిస్తున్నారు, పని ఎవరిస్తారు, మందు మానేవాళ్ళ మీటింగులకి ఎవరు దింపుతారు, ఇవన్నీ పేర్లతో సహా రాయి. మీ వదినని కూడా తన మాటల్లో రాయమను, నీ ఉత్తరం కాపీ కొట్టనివ్వకు. ఇలాంటి ఉత్తరాలు నాలుగైదు చాలు. ఇల్లు చూడటానికి వచ్చేది బోర్డు వాళ్ళు కాదు, జైళ్ళ శాఖలోని పెరోల్ డివిజన్ వాళ్ళు, వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

వాడికి పౌరసత్వం లేదు కదా, ఇమిగ్రేషన్ వాళ్ళ డిటైనర్, అంటే వదిలేటప్పుడు మాకు అప్పగించండి అనే కాగితం, ఉందేమో లాయర్‌ని అడిగావా? ఉంటే పెరోల్ వచ్చినా ఇంటికి రాడు, వాళ్ళ కస్టడీకి వెళ్తాడు, అక్కణ్ణుంచి ఇండియాకి పంపేయొచ్చు. అందుకని హ్యూస్టన్ అడ్రస్‌తో పాటు విజయవాడలో మీ నాన్నగారి ఇల్లు, అక్కడ వాణ్ణి చూసుకునేవాళ్ళ సంగతీ రాయండి. ఇంకోటి, డబ్బు తీసుకుని పెరోల్ ఇప్పిస్తామనే ఏజెంట్ల మాట వినకు. ఇక్కడ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఖైదీ తరఫున వెళ్ళాలంటే టెక్సాస్‌లో లైసెన్సున్న లాయరే అయ్యుండాలి.

ఒక్కోసారి ముందు ఫలానా ప్రోగ్రాం పూర్తి చేయాలి, తర్వాతే విడుదల అని ఓటేస్తారు. అది కాదనడం కాదు, ఆ కాగితం చూసి అమ్మ టెన్షన్ పడకుండా నువ్వే ముందు చెప్పు.

శనివారంలోపు రాసి నాకు పంపు, చదివి ఫోన్ చేస్తాను. ప్రతి పేజీ మీద వాడి పూర్తి పేరు, జైలు నంబరు ఉండాలి, మర్చిపోకు.

మీ పెద్దమ్మ