తాతయ్య నాలుగో పేజీలో ఉన్నారు

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పేజీలన్నీ చదివాను. సంవత్సరీకం నాటికి మీ తాతగారి మీద చిన్న పుస్తకం వేసి చుట్టాలకూ స్నేహితులకూ పంచాలన్నది మీ అమ్మ కోరిక అని రాశావు. పదిహేనేళ్లు సైన్యంలోనూ, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పోలీసు శాఖలోనూ పనిచేసిన మనిషి. తప్పకుండా రాయాల్సిన జీవితం. నువ్వు రాయగలవు కూడా. ఆ సంగతి నాకు నాలుగో పేజీకి వచ్చాక తెలిసింది. మొదటి మూడు పేజీల్లో మాత్రం మీ తాతగారు నాకు కనపడలేదు.

"రెండు యూనిఫాంలలో దేశసేవ చేసిన ధన్యజీవి", "క్రమశిక్షణకు మారుపేరు", "నిజాయితీకి నిలువుటద్దం" అంటూ మొదలుపెట్టావు. ప్రేమతోనే రాశావు, కాదనను. కానీ ఈ మాటలు ఏ ఫ్లెక్సీ మీదకైనా ఎక్కేస్తాయి. కింద ఎవరి ఫొటో పెట్టినా సరిపోతాయి. మీ తాతగారికి తప్ప ఇంకొకరికి నప్పని వాక్యం కావాలి. అది నీ దగ్గరే ఉంది. రిటైరయ్యాక ఆయన దినచర్య చెబుతూ రాశావు చూడు: "రాత్రి భోజనమయ్యాక బజారు చివరిదాకా నడిచి వెళ్లేవారు. దారిలో మూసేసిన షాపుల తాళాలు ఒక్కొక్కటీ లాగి చూసుకుంటూ వచ్చేవారు." ఇంత మంచి మాట రాసి, వెంటనే పెన్షన్ సంగతిలోకి వెళ్లిపోయావు.

అక్కడ ఆగాలమ్మా. అది రాత్రి బీటు తిరిగే కానిస్టేబుల్ పని. చేతిలో లాఠీ, టార్చి లైటు. మూసిన షట్టర్ల తాళాలు లాగి చూడాలి. బ్యాంకు దగ్గరో గుడి దగ్గరో పెట్టిన బీటు పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాలి. వేళ కాని వేళ కనపడ్డవాడిని ఎవరు, ఎక్కడికి అని అడగాలి. తెల్లవారి ఏ బంగారు కొట్టులోనో దొంగలు పడ్డారని తెలిస్తే, రాత్రి ఆ బీటు ఎవరిదన్న ప్రశ్న ముందు వస్తుంది. అన్నేళ్లు ఆ భయంతో, ఆ బాధ్యతతో తిరిగిన చెయ్యి అది. ప్రభుత్వం ఇక చాలు, ఇంటికి వెళ్లమన్నా ఆ చెయ్యి మానలేదు. క్రమశిక్షణ అన్న మాట ఎత్తకుండా క్రమశిక్షణను చూపించావు అక్కడ.

ఇప్పుడు నాకు ఇంకా కావాలి. చేతిలో టార్చి ఉండేదా? ఎప్పుడైనా తాళం ఊడి చేతిలోకి వచ్చిందా? వస్తే ఏం చేశారు, షాపతనికి కబురు పెట్టి అతను వచ్చేదాకా ఆ అరుగు మీదే కూర్చున్నారా? షాపుల వాళ్లకు ఈయన ఇలా చేస్తున్నారని తెలుసా? ఆ కిరాణా కొట్టు యజమాని ఇంకా ఉండే ఉంటాడు. వెళ్లి అడుగు. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు దొరికితే నీ మొదటి అధ్యాయం దొరికినట్టే.

ఉత్తరం చివర ఒక మాట అన్నావు. "తాతయ్య జీవితంలో పెద్ద సంఘటనలేవీ లేవండీ, అవార్డులు కూడా రాలేదు, ఎవరైనా చదువుతారా అని టెన్షన్‌గా ఉంది" అని. దీనికి తుకారాం ఓంబ్లే గురించి చెప్పాలి నీకు.

మహారాష్ట్రలోని సతారా జిల్లా కేదంబే ఆయన ఊరు. మీ తాతగారిలాగే ముందు సైన్యంలో పనిచేశారు. సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ విభాగంలో నాయక్ హోదాలో రిటైరై, 1991లో ముంబయి పోలీసులో చేరారు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి మీద పదిమంది ఉగ్రవాదులు దాడి చేశారు. ఆ రాత్రి గిర్గావ్ చౌపాటీ దగ్గర నాకాబందీలో, అంటే రోడ్డుకు అడ్డం పెట్టి బళ్లు ఆపి చూసే డ్యూటీలో, ఆయన చేతిలో ఉన్నది లాఠీ ఒక్కటే. సీఎస్‌టీ రైల్వే స్టేషన్లో కాల్పులు జరిపి, కామా ఆస్పత్రి దగ్గర ముగ్గురు పోలీసు అధికారులను చంపి, ఇద్దరు ఉగ్రవాదులు స్కోడా కారులో అటు వచ్చారు. ఎదురుకాల్పుల్లో ఒకడు చచ్చాడు. రెండోవాడు కసబ్. వాడి చేతిలోని ఏకే-47 గొట్టాన్ని ఓంబ్లే రెండు చేతులా పట్టేసుకున్నారు. వాడు పేలుస్తూనే ఉన్నాడు, ఈయన వదల్లేదు. ఆలోగా తోటి పోలీసులు వాణ్ని ప్రాణాలతో పట్టుకున్నారు. వచ్చిన పదిమందిలో సజీవంగా చిక్కినవాడు ఒక్కడే. వాడి దగ్గర దొరికిన నకిలీ గుర్తింపు కార్డులో హిందూ పేరు ఉంది, మన హైదరాబాద్ కాలేజీ ఒకదాని పేరు ఉంది. వాడు అక్కడే చచ్చి ఉంటే ఆ కార్డు ఎన్ని అబద్ధాలు పుట్టించేదో ఊహించు. మరుసటి జనవరిలో ఓంబ్లేకి అశోక చక్ర ప్రకటించారు. చౌపాటీ దగ్గర విగ్రహం పెట్టారు. 2021లో శాస్త్రవేత్తలు కొత్తగా గుర్తించిన ఒక సాలీడు జాతికి కూడా ఆయన పేరే పెట్టారు. నాకు ఆ సంగతి ఎంతో బాగా నచ్చింది.

ఆ కొద్ది క్షణాలు దేశానికంతటికీ తెలుసు. 1991 నుంచి 2008 దాకా పదిహేడేళ్లు ఆయన పోలీసు ఉద్యోగం ఎలా చేశారో మనలో ఎంతమందికి తెలుసు? ఎన్ని రాత్రులు నాకాబందీలో నిలబడ్డారో, ఎన్ని కార్లు ఆపి డిక్కీ తెరవమన్నారో, ఎన్ని పండగలు రోడ్డు మీద గడిపారో? ఆ చేతులు ఆ రాత్రి తుపాకీ వదలకపోవడం వెనక ఆ రాత్రులన్నీ ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను. కాబట్టి పెద్ద సంఘటన లేదని దిగులు పడకు. వీరుడి గురించి రాసేవాడు కూడా చివరికి ఆ మామూలు రోజుల దగ్గరికే రావాలి. నువ్వు నేరుగా అక్కడే ఉన్నావు.

ఇంకో మాట. ఓంబ్లేకి ఎన్ని తూటాలు తగిలాయన్న లెక్క ఒక్కో చోట ఒక్కోలా వేశారు. ఆ లెక్క చెప్పకుండానే ఇందాక నీకు ఆ సంగతి చెప్పగలిగాను. మీ ఇంట్లో కూడా మామయ్య ఒక అంకె, పిన్ని ఒక అంకె చెబుతారు. రెండూ కలవనప్పుడు అంకె వదిలెయ్యి, పని నిలబడుతుంది.

ఇక సైన్యం సంగతి. 1971 యుద్ధానికి నిండా ఒక పేజీ ఇచ్చావు. "శత్రువుల గుండెల్లో నిద్రపోయారు" అన్నావు. ఆ పేజీ అంతా నువ్వు ఊహించి రాసింది. ఇంట్లో ఆయన నల్ల ట్రంకుపెట్టె ఇంకా ఉందని నువ్వే రాశావు, మూత మీద తెల్ల పెయింటుతో పేరు, ఆర్మీ నంబరు ఉన్నాయని కూడా. ఆ పెట్టె తెరువు. డిశ్చార్జి బుక్ ఉంటుంది. ఏ రెజిమెంటు, ఎప్పుడు చేరారు, ఏ ట్రేడు, ఏ పతకాలు, అన్నీ అందులో ఉంటాయి. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగం, పశ్చిమీ స్టార్ ఉంటే పశ్చిమ రంగం. ఈ రెండూ, సంగ్రామ్ మెడల్, ఇంకా 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి ఇచ్చిన పతకం, ఇవన్నీ ఆ సమయంలో సర్వీసులో ఉన్నందుకు ఇచ్చినవి. సాహస పతకాలు వేరు. రెండూ కలిపి "ఎన్నో శౌర్య పతకాలు" అని రాయకు. చదివినవాళ్లలో ఒక్క మాజీ సైనికుడు ఉన్నా పుస్తకం మీద నమ్మకం పోతుంది. ఆయనకు అవసరం లేని గొప్ప అంటగట్టి, ఉన్న గొప్పను పోగొట్టకూడదు.

డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటు దాకా నడిచిన యుద్ధం అది. పదిహేనేళ్ల సర్వీసులో ఎంత? మిగతా కాలమంతా ఏం చేశారు? ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం అన్నావు, అయితే గోల్కొండలో ట్రైనింగ్ అయి ఉండొచ్చు, కాగితాల్లో చూడు. గన్ను దగ్గర పనిచేశారా, డ్రైవరా, వైర్‌లెస్ ఆపరేటరా? టీవీ సౌండు వీధంతా వినపడేలా పెట్టేవారని, పిల్లలంతా ఆటపట్టించేవాళ్లమని రాశావు. ఫిరంగుల దగ్గర ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకు చెవులు దెబ్బతినడం మామూలే. ఆయన పని ఏమిటో తెలిశాక ఆ వాక్యం మళ్లీ చదువుకో. యుద్ధం పేజీలో లేని యుద్ధం ఆ టీవీ సౌండులో ఉందేమో.

మీ అమ్మమ్మగారిని ఒక్క వాక్యంలో దాటేశావు. "ఆయన అడుగుజాడల్లో నడిచిన సహధర్మచారిణి" అట. నాకు మనసు కష్టమనిపించింది. ఆమె దగ్గర కూర్చో. ఆయన ఫీల్డు పోస్టింగులో ఉన్నప్పుడు ఉత్తరాలకు ఏ అడ్రసు రాసేవారో అడుగు. ఆర్మీ నంబరు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీవో అనో 99 ఏపీవో అనో ఉంటుంది. ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఊరి పేరు ఉండదు. తన భర్త మంచులో ఉన్నాడో ఇసుకలో ఉన్నాడో తెలియకుండా, ఇద్దరు పిల్లలతో అత్తగారింట్లో ఉంటూ ఆమె ఇన్లాండు కవరు నింపేది. ఏం రాసేది? పిల్లకు జ్వరమొస్తే రాసేదా, దాచేదా? మనియార్డరు ఆలస్యమైన నెల ఎలా గడిచింది? సైనికుడి జీవితంలో సగం ఇంట్లో జరుగుతుంది. ఆ సగానికి సాక్షి ఆమె ఒక్కతే. ఆమెకు వయసు మీద పడింది కాబట్టి ఇది అన్నిటికంటే ముందు చెయ్యి.

రెండు ఉద్యోగాల మధ్య మలుపును "అనంతరం పోలీసు శాఖలో చేరి" అని తేల్చేశావు. ఈ పుస్తకానికి గుండె అక్కడ ఉందనుకుంటాను నేను. జవాన్లు ముప్పై అయిదూ నలభై మధ్య బయటికొస్తారు. పిల్లలు అప్పుడే స్కూల్లో ఉంటారు. ఇంట్లో కూర్చునే వయసు కాదు, పెన్షన్‌తో గడిచే సంసారం కాదు. హవల్దారుగా పదిమందిని నడిపిన మనిషి మళ్లీ కొత్త కానిస్టేబుల్‌గా క్యూలో చివర నిలబడాలి. తనకంటే పదేళ్లు చిన్నవాడైన ఎస్సైకి సెల్యూట్ కొట్టాలి. అది మింగుడు పడిందా? ఇంటికొచ్చి ఏమైనా అనేవారా?

పనీ మారిపోతుంది. సైన్యంలో శత్రువు సరిహద్దు అవతల ఉంటాడు, పక్కన పల్టనంతా ఉంటుంది. స్టేషన్లో ఎదురుగా నిలబడేవాడు మన ఊరివాడే. తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినవాడు, గట్టు తగాదాలో తల పగిలినవాడు, బస్టాండులో పర్సు పోగొట్టుకున్న ముసలమ్మ. జాతర బందోబస్తు, సమన్లు పట్టుకుని తిరగడం, రైలు పట్టాల పక్కన అనాథ శవం దగ్గర తెల్లారేదాకా కాపలా. శత్రువును కొట్టడానికి శిక్షణ పొందిన మనిషి, తనవాళ్లను కొట్టకుండా దారిలో పెట్టడం ఎలా నేర్చుకున్నారు? ఈ ప్రశ్న పట్టుకుంటే నీ పుస్తకం మీ కుటుంబం దాటి బయటికి వెళ్తుంది.

ఇక్కడే నిన్ను కాస్త గట్టిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. "ఆయన ఏనాడూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు" అని రాశావు. నీకెలా తెలుసు? ఇంట్లో చేసుకోకపోవచ్చు. స్టేషన్లో సంగతి స్టేషన్లో ఉన్నవాళ్లను అడగాలి. ఆయనతో పనిచేసిన రైటర్, అంటే స్టేషన్లో రాతపని చూసే పోలీసు, ఎవరైనా ఉంటారు, హోంగార్డు ఉంటాడు. వీలైతే బల్లకు అవతలి వైపు నిలబడ్డవాణ్ని కూడా వెతుకు. ఆయన చేతిలో దెబ్బ తిన్నవాడు దొరకొచ్చు, ఆయన తన డబ్బుతో టీ ఇప్పించాడని చెప్పేవాడూ దొరకొచ్చు. రెండూ రాయి. నువ్వు మనవరాలివి, ఆయన తరఫు లాయరువి కావు. పోలీసుల గురించి రాసేటప్పుడు నిజం తగ్గితే పాఠకుడు వెంటనే పసిగడతాడు, ఎందుకంటే మన జనంలో స్టేషన్ గుమ్మం ఎక్కడానికి భయపడనివాళ్లు తక్కువ. అంత భయం మధ్య ఒక మనిషి దగ్గరికి జనం ధైర్యంగా వచ్చారంటే, దానికి విలువ ఆ భయం చెప్పాకే తెలుస్తుంది.

కేసుల గురించి రాస్తే పేర్లు మార్చడం కాదు, తీసెయ్యి. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసే వివరం బయటపెట్టడం చట్టరీత్యా నేరం కూడా. మిగతా కేసుల్లోనూ ఊరు, వీధి గుర్తుపట్టేలా రాయకు.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతారు కదా. 1959లో ఆ రోజు లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. అప్పటినుంచి ఆ సంవత్సరం విధుల్లో పోయినవాళ్ల పేర్లు పరేడ్‌లో చదువుతారు. 2018లో ఢిల్లీలో జాతీయ పోలీసు స్మారకం తెరిచినప్పుడు గోడ మీద 34 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ గోడ ఉండాల్సిందే. కానీ అన్నేళ్లు డ్యూటీ చేసి, రిటైరై, మంచం మీద పోయినవాళ్లకు ఏ గోడా లేదు. మీ తాతగారు అలాంటివారు. ఆయనకు నీ పుస్తకమే ఉంది. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ఈసారి అక్టోబరు 21కి మీ జిల్లా కేంద్రంలో పరేడ్‌కి వెళ్లు. రిటైరైనవాళ్లు వస్తారు, తాతగారి పేరు చెప్పి అడిగితే తెలిసినవాళ్లు తగులుతారు. సైన్యం స్నేహితుల కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగు. ఫోన్లో కాదు, మనిషివి వెళ్లి కూర్చో. వాళ్లు మొదట పెన్షన్ గురించీ, మిలటరీ క్యాంటీన్ గురించీ మాట్లాడతారు. ఓపిక పట్టు, గంట గడిచాక అసలు మాటలు వస్తాయి.

సంవత్సరీకానికి పుస్తకం తయారు కాకపోతే కాకపోయింది, అమ్మకు నేను చెబుతాను. ముందు అమ్మమ్మగారితో మాట్లాడి, ఆ ఉత్తరాల అధ్యాయం ఒక్కటి రాసి పంపు. తాళాల అధ్యాయం ఆ తర్వాత. మొదటి మూడు పేజీలు మళ్లీ పంపక్కర్లేదు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు