సమాధానం: అట్లాంటిస్ మ్యాప్‌లో వలయాల కొలతలు

బ్లాకులతో కట్టే ఆట మైన్‌క్రాఫ్ట్‌లో మీరు కడుతున్న అట్లాంటిస్ (గ్రీకు తత్వవేత్త ప్లేటో వర్ణించిన, సముద్రంలో మునిగిన నగరం) వ్యాసం, అంటే అడ్డుకొలత, 27 స్టేడియాలు (పాత గ్రీకు దూరపు కొలత) రావాల్సింది 16 దగ్గరే ఆగిందన్నారు కదా. ప్రతి వలయం వెడల్పునీ మీరు ఒక్కసారే కూడారు. వలయం దీవికి రెండు వైపులా ఉంటుంది, వలయాల వెడల్పులన్నీ కలిపితే 11, అందుకే 5 + (11 × 2) = 27.

ప్లేటో తన ‘క్రిటియస్’ అనే రచనలో ఇచ్చిన వరస, లోపలి నుంచి బయటికి స్టేడియాల్లో, ఇదీ: నడి దీవి 5, నీరు 1, నేల 2, నీరు 2, నేల 3, నీరు 3. స్టేడియం దాదాపు 185 మీటర్లు. పూర్తి సైజులో కడితే 5 కిలోమీటర్లు, ఒక్కరివల్ల అయ్యే పని కాదు. స్టేడియంకి 18 బ్లాకులు పెట్టుకోండి. కేంద్రం నుంచి 45, 63, 99, 135, 189, 243 బ్లాకుల వ్యాసార్ధాలతో వృత్తాలు గీయండి. మొత్తం వ్యాసం 486 సరిసంఖ్య కాబట్టి కేంద్రంలో ఒక్క బ్లాకు కాదు, 2×2 ఉండాలి. లేదంటే ఒక పక్క వలయం సన్నబడుతుంది.

సముద్రం నుంచి కాలువ పొడవు 900 బ్లాకులు, వెడల్పు 9. లోతు లెక్క ప్రకారం 3 బ్లాకులే, కానీ ఓడ మునిగినట్టు కనిపించాలంటే అది చాలదు. అక్కడ నిష్పత్తి వదిలేసి 9 తవ్వండి. సముద్ర దేవుడు పోసిడాన్ గుడి 18×9 బ్లాకులు.

గోడలకు బయటి నుంచి లోపలికి కంచు, తగరం, ఒరికాల్కమ్ (ప్లేటో చెప్పిన ఒక విలువైన లోహం) పూత. కంచుకి రాగి బ్లాకులు వాడితే తేనెతుట్టెతో మైనం పట్టించండి, లేకపోతే పచ్చబడతాయి. మునిగిన నగరానికి పచ్చదనమే అందమంటే వదిలేయండి, నా ఓటు దానికే.