1977 టోల్కీన్ క్యాలెండరు కొని మళ్లీ గోడకు తగిలించవచ్చా?

ప్రశ్న: ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్ కథలకు హిల్డెబ్రాంట్ సోదరులు బొమ్మలు వేసిన 1977 క్యాలెండరు అమెరికాలో ఒకరి దగ్గర అమ్మకానికి ఉంది. మాది విశాఖ. కొనేముందు ఏం చూడాలి? ఆ తేదీలు మళ్లీ ఎప్పుడు కలుస్తాయి? ఇక్కడి గాలికి పాడవకుండా గోడకు ఎలా తగిలించాలి?

జవాబు:

ముందు తేదీల సంగతి. 1977 జనవరి 1 శనివారం, అది లీపు సంవత్సరం కాదు. అలాంటి ఏడాది 2022లో వచ్చి వెళ్లింది, మళ్లీ 2033లో వస్తుంది. గ్రెగ్, టిమ్ హిల్డెబ్రాంట్ కవల సోదరులు బాలంటైన్ ప్రచురణ సంస్థకు వేసినవి 1976, 1977, 1978 క్యాలెండర్లు. ఆ మూడూ అదే వరుసలో 2032, 2033, 2034కి వారాలతో సహా సరిపోతాయి. 1976 లీపు, 2032 కూడా లీపే. మూడూ సంపాదించగలిగితే వరుసగా మూడేళ్లు వాడుకోవచ్చు. అంతవరకు ఆగలేకపోతే డారెల్ స్వీట్ అనే చిత్రకారుడి బొమ్మలున్న 1982 టోల్కీన్ క్యాలెండరు చూడండి, అది 2027కి సరిపోతుంది.

అయితే కలిసేవి వారాలు మాత్రమే. చంద్రకళలు దాదాపు అవే తేదీలకు తిరిగి రావాలంటే 19 ఏళ్లు, లేదా దాని రెట్లు కావాలి. 1977కీ 2033కీ తేడా 56 ఏళ్లు, మూడు పంతొమ్మిదులకు ఒకటి తక్కువ. అందుకని పాత క్యాలెండరులో పున్నమి గుర్తులు ఉంటే అవి పదకొండు రోజుల వరకు తప్పుతాయి. ఈస్టర్ కూడా అంతే: 1977లో ఏప్రిల్ 10, 2033లో ఏప్రిల్ 17. మన పండుగలు, తిథులు ఎలాగూ పంచాంగం చూసి విడిగా రాసుకోవాల్సినవే. అసలు పేజీ మీద మాత్రం పెన్ను పెట్టకండి.

ఇక కొనడం. ముఖచిత్రం ఫోటో ఒక్కటే చూసి డబ్బు పంపొద్దు. మధ్య పేజీ తెరిచి స్టేప్లర్ పిన్నుల్ని దగ్గరగా తీసిన ఫోటో, తగిలించే రంధ్రం ఫోటో, పన్నెండు నెలల తేదీల పేజీల ఫోటోలు అడగండి. పిన్ను చుట్టూ గోధుమరంగు మరక ఉంటే తుప్పు కాగితంలోకి దిగిందని అర్థం. కాస్త గట్టిగా తిప్పితే పేజీ అక్కడే చిరుగుతుంది. తేదీల పేజీలు ఎందుకంటే, వాటి మీద రాతలు ఉన్నాయేమో చూడడానికి, అంతకన్నా ముఖ్యంగా బొమ్మలు అన్నీ ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి. ఇలాంటి క్యాలెండరులో మార్చి బొమ్మ వెనక ఫిబ్రవరి తేదీలు ఉంటాయి. ఫ్రేము కోసం ఎవరైనా మార్చి బొమ్మ కోసుకుంటే ఫిబ్రవరి తేదీలూ పోతాయి. పన్నెండు తేదీల పేజీలూ ఉంటే ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా బొమ్మలు ఉన్నట్టే. జనవరి బొమ్మ ఒక్కటి విడిగా అడగాలి. ఇంకో ఆనవాలు ఉంది. ఒక్కో కాగితాన్ని మడిచి పిన్ను కొడతారు కాబట్టి ఒక కాగితానికి రెండు ఆకులు. ఒక ఆకు కోసేస్తే దాని జంట ఆకుకు పట్టు పోయి వదులుగా జారుతుంది.

రంగు వెలిసిందా అన్నది చాలామంది చూడరు. ఆఫ్‌సెట్ అచ్చులో ఎండకు ముందు పోయేవి పసుపు, మెజెంటా (ముదురు గులాబీ). నీలం, నలుపు ఎక్కువ కాలం ఉంటాయి. హిల్డెబ్రాంట్ల బొమ్మల ప్రాణమే ఆ వెచ్చటి వెలుగు, ముఖాల మీద పడే బంగారు కాంతి. ఆ రెండు రంగులు తగ్గితే బొమ్మ చల్లగా, నీలంగా తేలిపోతుంది. దాన్ని తిరిగి తెప్పించే మార్గం లేదు. లోపలి పేజీలతో పోలిస్తే ముఖచిత్రం నీలంగా ఉంటే ఆ ప్రతి ఎండలో వేలాడిందన్నమాట. ముఖచిత్రం కాస్త నలిగినా లోపల రంగు నిండుగా ఉన్న ప్రతే తీసుకోండి. అసలు అట్టపెట్టెతో ఉన్నవాటికి ఎక్కువ ధర చెబుతారు. సెట్టు పోగుచేసేవారికి తప్ప ఆ అదనం దండగ.

పార్సిల్ చుట్ట చుట్టి పంపనివ్వొద్దు. చుట్టినప్పుడు లోపలి ఆకులు, బయటి ఆకులు ఒకేలా వంగవు, పిన్నుల దగ్గర మడతలు పడతాయి. రెండు ముడతల అట్టల మధ్య బల్లపరుపుగా పెట్టమనండి, ఒక అట్ట గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే ఎటూ వంగదు. కస్టమ్స్ వర్గీకరణలో పుస్తకాలు 4901, క్యాలెండర్లు 4910. పార్సిల్ కాగితాల్లో పుస్తకమని రాస్తే తనిఖీలో తేడా వచ్చి పార్సిల్ ఆగే ప్రమాదం ఉంది. క్యాలెండరు అనే రాయించండి.

తగిలించడం గురించి సూటిగా చెప్తున్నా: విశాఖలో అసలు ప్రతిని గోడకు తగిలించొద్దు. మన షాపులవాళ్లు పంచే క్యాలెండరుకు పైన రేకు పట్టీ ఉంటుంది, బరువు పట్టీ పొడవునా పడుతుంది. ఈ టోల్కీన్ క్యాలెండర్లకు ఉండేది ఒక్క రంధ్రం. తెరిచి వేలాడదీస్తే మొత్తం బరువు ఆ రంధ్రం మీద, కింది సగం బరువు రెండు పిన్నుల మీద పడుతుంది. తేమకు కాగితం మెత్తబడితే రంధ్రం ముందు సాగుతుంది, తర్వాత చిరుగుతుంది. దానికి సెలోటేపు వేస్తే కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి జిగురు కారుతుంది. ల్యామినేషన్ అయితే ఇక వెనక్కి తీయలేం.

దీనికి మంచి దారి నకలు తీసి తగిలించడం. అది మీ ఇంటి గోడకే, అమ్మడానికి కాదు. పేజీ 12 అంగుళాలుంటే 305 మి.మీ. ఏ3 స్కానర్ అద్దం 297 మి.మీ. అంటే అంచు తెగుతుంది, కాబట్టి ముందు కొలవండి. రెండు భాగాలుగా స్కాన్ చేసి కలపాలి. అచ్చు చుక్కల వల్ల స్కాన్‌లో అలలు అలలుగా గళ్లు వస్తాయి. స్కానర్‌లో డీస్క్రీన్ అనే ఎంపిక పెట్టి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) తీసి, 300కి తగ్గిస్తే అవి చాలావరకు పోతాయి. మూత గట్టిగా నొక్కితే మడత పగులుతుంది. పేజీ వెనక నల్ల కాగితం పెట్టండి, లేకపోతే వెనక పేజీ తేదీలు బొమ్మలోంచి కనిపిస్తాయి. డిజిటల్ ప్రింటు షాపులో 12×18 అంగుళాల షీటు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్న మెరుపులేని మ్యాట్ కాగితం అడగండి. మెరిసే కాగితం వద్దు, ట్యూబులైటు వెలుగు పడి బొమ్మ సగం కనబడదు.

అసలు ప్రతిని పాలీప్రొపిలీన్ కవరులో, రెండు మౌంట్ బోర్డుల (ఫ్రేముల్లో వాడే మందపాటి అట్టల) మధ్య, బల్లపరుపుగా ఇనప బీరువాలో పెట్టండి. పీవీసీ కవరు వద్దు. అందులోని మెత్తదనపు రసాయనం బయటికొచ్చి అచ్చుకు అంటుకుంటుంది. నున్నటి ఆర్ట్ పేపరు తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్నవాటిని లాగారంటే బొమ్మ పైపొర ఊడి వస్తుంది. బీరువాలో తేమ 55 శాతం దాటకుండా చూసుకోండి, చిన్న తేమ మీటరు కొనుక్కుంటే చాలు. రంగు మారే సిలికా జెల్ 50 గ్రాముల సంచులు రెండు వేసి, రంగు మారినప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టండి. దాన్ని ఎండలో పెట్టినందువల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. వర్షాకాలంలో నెలకోసారి కవరు తెరిచి బూజు వాసన ఉందేమో చూడాలి.

ఒక్క బొమ్మనైనా ఫ్రేములో చూడాలనిపిస్తే కోయకండి, క్యాలెండరును ఆ పేజీకి తెరిచి మొత్తంగా లోతైన ఫ్రేములో పెట్టించండి. ఫ్రేము షాపులో అలవాటు చొప్పున ఫెవికాల్ పూసి హార్డుబోర్డుకు అంటిస్తారు. వద్దని ముందే చెప్పి, నాలుగు మూలలకు కాగితపు జేబులు పెట్టి నిలబెట్టమనండి. వెనక సన్‌బోర్డు అనే తేలికపాటి పలక వాడితే, అదీ పీవీసీయే కాబట్టి దానికీ క్యాలెండరుకీ మధ్య మౌంట్ బోర్డు ఉండాలి. అద్దానికీ కాగితానికీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ కావాలి, లేదంటే వానాకాలంలో బొమ్మ అద్దానికి అతుక్కుంటుంది. కిటికీకి ఎదురుగోడ కాకుండా కిటికీ ఉన్న గోడకే తగిలించండి, నేరుగా ఎండ పడదు.

పిన్నులు తుప్పు పట్టి ఉంటే, పిన్ను తీసే పరికరంతో లాగకండి. మధ్య పేజీ తెరిచి, వంగిన కాళ్లను మొద్దు కత్తి మొనతో మెల్లగా పైకి లేపి నిటారుగా చేసి, బయటివైపు నుంచి పిన్నును తీయండి. పొడి తుప్పును మెత్తటి కుంచెతో దులపండి, నీళ్లు తగలకూడదు. తర్వాత అవే నాలుగు రంధ్రాల గుండా తెల్లటి నూలు దారం పోనిచ్చి, ఒక్కో పిన్ను చోట లోపలివైపు ముడి వేయండి. దారం ఎక్కువ బిగిస్తే మడత కోసుకుంటుంది, పేజీ తిప్పినప్పుడు కొద్దిగా కదిలేంత వదులు ఉంచాలి.